బిడ్డల నడక చొప్పున



మీ యూరినుండి సుల్తాన్ బజారుకు మీరు ఎన్నిసార్లు వచ్చియుందురు? ఇంటిలో పెండ్లి కుదిరినప్పుడు చీరెలకొరకు, బడులు తెరచినప్పుడు కోఠిలో పాత పుస్తకములకొరకు, అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో కోడలికి కాన్పైనప్పుడు మనుమని చూచుటకొరకు, ఏదో యొక పనిమీదనే వచ్చియుందురు. పనిలేక చార్జీ పెట్టుకొని పట్నమునకు వచ్చువాడు మన పల్లెలలో అరుదు. పని ముగియగానే తిరిగి బస్సు. పట్నములో ఏమి చూచితిరని ఎవరైన అడిగినయెడల, జనమును చూచితిమని చెప్పుదుము.

ఈసారి వచ్చినప్పుడు ఆ జనములో మనవంటి ఒక కుటుంబమును కనిపెట్టి, వారు ఏ వరుసలో నడుచుచున్నారో దయచేసి గమనింపుడి.

ముందు ఇంటి యజమానుడు. అతని చేతులు ఖాళీగా నుండును, లేదా చంకలో ఒక చిన్న సంచి యుండును. అతనికి పది అడుగుల వెనుక ఎదిగిన కుమారుడు, సెల్ ఫోను చూచుకొనుచు. ఆ వెనుక భార్య. ఆమె చంకలో పసిబిడ్డ, భుజమున బట్టల మూట, రెండవ చేతిలో నాలుగేండ్ల పిల్లవాని మణికట్టు. చేయి అనలేదు, మణికట్టు అంటిని. చేయి పట్టుకొనవలెనన్న పిల్లవాడు కూడ పట్టుకొనవలెను గదా! వాడు పట్టుకొనలేదు, ఈడ్వబడుచున్నాడు. అందరికంటె వెనుక ముసలితల్లి. ఆమె గాజుల దుకాణపు మెట్టుమీద ఒక నిమిషము కూర్చుండును. కొడుకు చొక్కా జనములో కనుమరుగగునేమోయని మరల లేచును. ముందున్నవాడు వెనుదిరిగి, తొందరగా నడువరేమి, బస్సు పోవునని కేక వేయును. బస్సు పోవుననుట నిజమే.

కుటుంబము కలిసి నడుచునప్పుడు ఎవరి నడక చొప్పున నడువవలెను? బలవంతుని నడక చొప్పుననా, బలహీనుని నడక చొప్పుననా? ఈ నెల ఈ పుటలలో మీతో కూడ ఆలోచింపగోరిన ప్రశ్న ఇదియే. ఇది మిక్కిలి చిన్న ప్రశ్నయని మీకు తోచవచ్చును. అయితే ఇంటిలోని పెద్ద ప్రశ్నలన్నియు, అనగా ఎవరి మాట చెల్లవలెను, ఎవరి ఆకలి ముందు తీరవలెను, ఎవరి అలసట లెక్కకు రావలెను అనునవన్నియు రోడ్డుమీదికి వచ్చినప్పుడు ఈ ఒక్క ప్రశ్నగా కనబడునని నా తలంపు.

యజమానుడు ముందు నడుచు ఆ వరుస ఎక్కడనుండి వచ్చినది? పొలము గట్టుమీదనుండి వచ్చినది. గట్టు వెడల్పు రెండు జానలు. ఇద్దరు ప్రక్కప్రక్కన నడువ వీలులేదు. ముందు నడుచువాడు కఱ్ఱతో గడ్డిని తట్టుచు, పాము ఉన్నదేమో చూచుచు, మంచులో తడిసిన జారుడు చోటులను వెనుకవారికి చెప్పుచు పోవలెను. అపాయము తనకు ముందు తగులవలెనని మగవాడు ముందు నడిచెను. అది మంచి ఆచారమే. దానిని నేను తప్పుపట్టను. కాని సుల్తాన్ బజారులో పాము లేదు. అక్కడ అపాయము వెనుకనుండి వచ్చును. ఆటో వెనుకనుండి వచ్చును, మోటారు సైకిలు వెనుకనుండి వచ్చును, బిడ్డ తప్పిపోవుటయు వెనుకనే. గట్టు విడిచి ముప్పది అడుగుల రోడ్డుమీదికి వచ్చితిమి గాని గట్టు వరుసను విడువలేదు. ముందు నడుచుటలోని అపాయము పోయినది, గౌరవము మాత్రము నిలిచినది.

ఇక్కడ కొందరు ఒక మాట అందురు. "అయ్యా, నడకనుగూర్చి మాకు చెప్పనేల? తెల్లవారి లేచినది మొదలు మేము నడుచువారమే. పొలమునకు నడక, బావికి నడక, రేషను దుకాణమునకు నడక. ఆరాధనకు మూడు మైళ్ళు నడిచి వచ్చువారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఊరక నడుచుట, తోటలలో తిరుగుట, ఇవన్నియు కూర్చుండి తిను పట్నమువారి వేడుకలు గదా!" ఈ మాటను త్రోసివేయుటకు నాకు మనస్సు రాదు. పగలంతయు నాట్లు వేసిన స్త్రీని సాయంకాలము షికారుకు రమ్మనుట కనికరము కాదు.

అయినను ఒక భేదము చూడుడి. పనికొరకు నడుచునప్పుడు పనియే మనలను నడిపించును. నీళ్ళ బిందె నెత్తిననున్నప్పుడు కూతురు ఏదైన అడిగితే తల తిప్పి చెప్పలేము. కూలికి ఆలస్యమగుచున్నప్పుడు ముసలివాని కొరకు నిలువలేము. అట్టి నడకలో ఎవరి చొప్పున నడువవలెనను ప్రశ్నయే పుట్టదు. పని దానిని ముందే తీర్చివేసినది. ఏ పనియు లేక ఇంటివారందరు కలిసి ఒక గంట నడిచినప్పుడు మాత్రమే ఆ ప్రశ్న బయటపడును. అప్పుడు బస్సుమీద నెపము పెట్టలేము, మేస్త్రీమీద నెపము పెట్టలేము. మనము ఏ మనస్సుతో మన ఇంటివారితో నడుచుచున్నామో అది తేటగా కనబడును. అందుచేతనే పనిలేని నడక పనికిమాలినది కాదని నేననుట.

యాకోబు తన మామయింట ఇరువది యేండ్లు గడిపి తిరిగి వచ్చుచుండగా, అన్నయైన ఏశావు నాలుగువందల మందితో ఎదురు వచ్చిన సంగతి మీరెరుగుదురు. అన్నదమ్ములు కౌగిలించుకొని యేడ్చిన తరువాతి మాటను మనము తరచు చదివి దాటిపోవుదుము. కలిసి ప్రయాణము చేయుదమని ఏశావు అడిగెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు లేతవారనియు, పాలిచ్చు పశువులు మందలో ఉన్నవనియు, ఒక్క దినము వాటిని తొందరపెట్టి తోలినను మంద చచ్చుననియు చెప్పి, అన్న ముందు పోవలెననియు, తాను పశువుల నడకను, పిల్లల నడకను బట్టి మెల్లగా వచ్చెదననియు మనవి చేసెను. యాకోబు ఇక్కడ పూర్తిగా నిజము పలుకలేదని చెప్పవలసియున్నది. శేయీరునకు వచ్చెదనని అన్నతో చెప్పి సుక్కోతునకు పోయెను. అన్నకు వెరచి దూరముగా ఉండగోరెనని పండితులు చెప్పుదురు. కాని సాకుగా చెప్పిన మాటకూడ ఒక సంగతిని సాక్ష్యమిచ్చుచున్నది. ఆ దేశములో, ఆ కాలములో, నాలుగువందల మంది గలవాడు సహితము ఆ సాకును కాదనలేకపోయెను. బిడ్డల నడక చొప్పున పోవలెననుట ఎదురులేని న్యాయమని ఇద్దరికిని తెలియును.

న్యాయమనియే అంటిని, దయ అనలేదు. తండ్రి తన వేగమును తగ్గించుకొనుట బిడ్డకు ఇచ్చిన దానమని కొందరు తలంతురు. అట్లయిన యెడల ఇవ్వకపోయినను తప్పులేదు. నేను అట్లు తలంపను. బలవంతుడు మెల్లగా నడువగలడు. బలహీనుడు వేగముగా నడువలేడు. చేయగలవాడు చేయకుండుటయు, చేయలేనివానిని చేయుమనుటయు, ఈ రెండును కూడినప్పుడు దానికి అన్యాయమనియే పేరు. మరియు బలవంతుని వేగముతో నడిచిన కుటుంబము నిజముగా కలిసి నడువలేదు. ఒకడు నడిచెను, తక్కినవారు అతనిని తరుముకొని పోయిరి. మెల్లగా నడుచుట బలవంతునికి కష్టము కాదా అని అడుగుదురేమో. కష్టమే. నాలుగేండ్లవాని ప్రక్కన అర మైలు నడిచి చూడుడి, ఆగి ఆగి నడుచుటవలన పిక్కలు లాగును. భారము ఎవరో ఒకరు మోయవలసియున్నప్పుడు మోయగలవారు మోయుట తగును.

నడకను పొగడి వ్రాసిన పెద్దల పుస్తకములలో ఈ సంగతి వెదకిన దొరకుట అరుదు. వారిలో అనేకులు ఒంటరిగా నడిచినవారే. ఫ్రాన్సు దేశములో పేరొందిన రూసో తన కడపటి యేండ్లలో ఒంటరి నడకలనుగూర్చి ఒక పుస్తకము వ్రాసెను. ఆయనయే తనకు పుట్టిన ఐదుగురు బిడ్డలను అనాథాశ్రమమునకు అప్పగించితినని తన జీవితకథలో వ్రాసికొనెను. అమెరికా దేశపు థోరో నడకనుగూర్చి వ్రాసిన వ్యాసము 1862లో ఆయన మరణానంతరము అచ్చుపడెను. తలిదండ్రులను, భార్యాబిడ్డలను, స్నేహితులను విడిచి మరల చూడనవసరము లేదన్నట్లు బయలుదేరగలవాడే నడకకు సిద్ధపడినవాడని ఆయన అభిప్రాయము. గొప్పవారే, అడవిని, కొండను, చెరువును వారు చూచినట్లు మనము చూడలేము. కాని పదిసార్లు ఆగి, చీమల బారును చూచి, ముల్లు తీసి, ఏడ్పు మాన్పి, భుజమున ఎత్తుకొని ఇంటికి చేరిన తల్లి నడకను వ్రాసిన పుస్తకము నేను చూడలేదు.

ఇప్పుడు సుల్తాన్ బజారులో ఒక గంట దొరికినదనుకొందము. బట్టలు కొనుట ముగిసినది, బస్సునకు ఇంకను వేళ యున్నది. హోటలులో కూర్చుండి టీ త్రాగుట ఒక మార్గము. మరియొక మార్గము చెప్పెదను, పిల్లవానిని ముందు విడిచి నాతో కూడ రండి.

బజారు దాటగానే కోఠిలో ఒక పెద్ద ప్రహరి కనబడును. లోపల పూర్వము బ్రిటిషు రెసిడెంటు ఉండెడి భవనమున్నది. కర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు 1803లో దానిని కట్ట నారంభించి, పని ముగిసి సుఖముగా కాపురముండక మునుపే 1805లో కలకత్తాలో చనిపోయెను. చుట్టునున్న బజారులు ఆ తెల్లదొరల యేలుబడిలోనే ఉండెడివి. 1933లో అవి నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చిన పిమ్మటనే సుల్తాన్ బజారు అను పేరు వచ్చెను. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను అనువారు జనమును వెంటబెట్టుకొని ఈ రెసిడెన్సీమీద పడిరి. తుర్రేబాజ్ ఖాను పేర ఒక స్మారకము కోఠిలో ఉన్నది. 1949 నుండి ఆ భవనము ఆడుపిల్లల కళాశాల ఆయెను. అది ఇప్పుడు విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టుటకు ప్రభుత్వము నిశ్చయించెను. పాలకుర్తిలో తాను కౌలుకు చేసిన భూమిలో పండిన పంటను విసునూరు దేశముఖు మనుష్యులు కోసికొని పోవచూచినప్పుడు ఎదిరించి నిలిచిన ఐలమ్మను మన పల్లెలలో ఎరుగనివారెవరు? దొర తోటకు చాకలి స్త్రీ పేరు!

ఇదంతయు వేగముగా నడుచువానికి ఒక గోడ మాత్రమే. నాలుగేండ్ల పిల్లవాడు ఆ గోడను చేతితో తాకుచు నడుచును. ఇది ఎవరి ఇల్లు నాయనా అని అడుగును. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు రెండు వందల యేండ్ల కథ కావలెను, దానికి మెల్లని నడక కావలెను. అడుగువాడు వెనుకను, చెప్పగలవాడు పది అడుగుల ముందును ఉన్నయెడల కథ ఎక్కడ జరుగును?

అక్కడినుండి పుత్లీబౌలి మీదుగా మూసీనది వైపు దిగితే, మైలు దూరములోపల పాత ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. దీనియొద్ద కొంతసేపు నిలువవలెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి పట్నముమీద పడెను. ఆ వరదలో సుమారు పదునైదు వేలమంది చనిపోయిరని చెప్పుదురు. నది ఒడ్డుననున్న ఇండ్లు, వంతెనలు, ఆసుపత్రి కొట్టుకొనిపోయెను. ఈ చింతచెట్టు ఎక్కి దాదాపు నూటయేబదిమంది బ్రదికిరి. తరువాత ఇట్టి నాశనము మరల రాకుండునట్లు విశ్వేశ్వరయ్యగారి ఆలోచనచొప్పున నదిమీద ఉస్మాన్ సాగరు, దాని ఉపనది ఈసీమీద హిమాయత్ సాగరు కట్టబడెను. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. పట్నమువారు ఎన్నో యేండ్లు ఆ నీటినే త్రాగిరి. చెట్టు మాత్రము ఉన్నచోటనే ఉన్నది, ఏటేట ఆ దినమున కొందరు దానిచెంత కూడుకొని చనిపోయినవారిని జ్ఞాపకము చేసికొందురు.

మీ పిల్లవానిని ఆ చెట్టు క్రింద నిలువబెట్టి పైకి చూడుమనుడి. నీవు దీనిని ఎక్కగలవా అని అడుగుడి. ఎక్కలేనని వాడే చెప్పును. ఆ రాత్రి ఎక్కినవారిలో పసివారున్నయెడల వారు తమంతట ఎక్కినవారు కారు. క్రిందనుండి ఒకరు ఎత్తి అందీయవలెను, పైనుండి ఒకరు వంగి అందుకొనవలెను. నీళ్ళు మోకాలుదాక వచ్చినప్పుడు బలవంతుడు ముందుగా ఎక్కి కొమ్మ పట్టుకొనవచ్చును, లేదా క్రిందనే నిలిచి ఒకరి తరువాత ఒకరిని పైకి పంపవచ్చును. ఆ వేళ ఏది చేయుదుమో ఆ వేళ ఆలోచించి నిర్ణయింపము. అంతకుముందు ప్రతిదినము ఏ వరుసలో నడిచితిమో ఆ వరుసయే నీళ్ళలో కూడ నిలుచును.

చింత మెల్లగా ఎదుగు చెట్టని మీకు నేను చెప్పనక్కరలేదు. మొక్క నాటిన చాలయేండ్లకు గాని కాపు రాదు. ఆ ఒడ్డున దానిని నాటినవాడు చట్నీకొరకు, పులుసుకొరకు నాటియుండును.

నాంపల్లి వైపు పోగలవారికి అబిడ్సు మీదుగా రెండు మైళ్ళలోపల పబ్లిక్ గార్డెన్సు ఉన్నవి. పూర్వము దానిని బాగె ఆమ్ అనిరి, అనగా సామాన్యజనుల తోట. ఆదివారమైనచో అబిడ్సులో మూసిన దుకాణముల ముందర పాత పుస్తకములు పరచియుందురు. తక్కువ వెలకు బొమ్మల పుస్తకమొకటి కొనవచ్చును. వనస్థలిపురములో, విజయవాడ రోడ్డు ప్రక్కననే, 1975లో ఏర్పరచిన హరిణ వనస్థలి యున్నది. నల్లగొండ వైపునుండి వచ్చు బస్సులు దాని గేటు ముందరినుండియే పోవును. కృష్ణజింకలు అక్కడ ఉన్నవి. జూబిలీ హిల్సు దగ్గర 1998లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము చుట్టు తెల్లవారుజామున వందలకొలది జనులు నడుచుదురు. చేతి గడియారము వారి అడుగులను లెక్కపెట్టును. వైద్యులు చెప్పినందున నడుచుచున్నారు, మంచిదే. కాని వారిలో చాలమంది ఒంటరిగానో, తమ వేగముతో సమానమైన స్నేహితునితోనో నడుచుదురు. చిన్నపిల్లలు, ముసలివారు ఆ మార్గమున తక్కువ. ఆరోగ్యముకొరకు నడుచుట కూడ ఒక పనియే. అక్కడను పనియే నడిపించును.

ఇంతకంటె నాకు నచ్చిన సంగతి ఇంకొకటి కలదు. హైదరాబాదు చుట్టునున్న పెద్ద గుండ్లరాళ్ళు, ఒకదానిమీద ఒకటి నిలిచియున్నవి, మీరు చూచియుందురు. ఆ రాయి ఇన్నూటయేబది కోట్ల యేండ్లనాటిదని భూమిశాస్త్రము నేర్చినవారు చెప్పుదురు. ఇండ్లకొరకు, రోడ్లకొరకు వాటిని పగులగొట్టివేయుచుండగా, 1996లో కొందరు వాటిని కాపాడుటకొరకు ఒక సంఘముగా కూడిరి. కోర్టులకు, కచేరీలకు అర్జీలు పెట్టుటతో ఆగక, జనులను, పిల్లలను వెంటబెట్టుకొని ఆ రాళ్ళయొద్దకు నడిచిపోవు ఆచారము పెట్టిరి. ఎందుకనగా ఎక్కి ఆడుకొన్న రాయిని పగులగొట్టనీయుటకు ఎవనికిని మనస్సు రాదు. ఈ మాట మన ఊళ్ళకును తగును. మీ ఊరి గుట్ట క్వారీకి పోయినదా? మీ చెరువు శిఖము ఆక్రమణలో పోయినదా? అది పోవుచున్నప్పుడు ఊరివారు పలుకకపోవుటకు భయమొక్కటే కారణము కాదు. చాలకాలమునుండి అక్కడికి ఎవరును పిల్లలను తీసికొని పోలేదు. తెలియనిదాని కొరకు ఎవరు పోరాడుదురు?

కాబట్టి పట్నమునకు రాలేనివారు విచారపడవద్దు. మీ చెరువుకట్ట ఉన్నది, గుట్ట ఉన్నది, వాగు ఉన్నది. పనికి కాక ఊరకనే ఒక సాయంకాలము ఇంటివారందరు అక్కడికి పోవుడి. అవ్వను ముందు నడువనీయుడి. అప్పుడు ఒక వింత జరుగును. ఆమె ప్రతి చెట్టుయొద్ద ఆగును. ఇది మోదుగ, దీని ఆకులతో మీ తాత పెండ్లికి విస్తళ్ళు కుట్టితిమి. ఇది తంగేడు. ఈ ఆకు పసరు గాయమునకు మంచిది. ఇక్కడ కరవు కాలములో గడ్డలు త్రవ్వుకొని తింటిమి. ఇంటిలో మూల కూర్చుండి ఉన్నప్పుడు ఆమె ఇవి చెప్పలేదు. ఎవరును అడుగలేదు, ఆమెకును జ్ఞాపకము రాలేదు. ఆ జ్ఞానము ఆమె కాళ్ళలో ఉన్నది, ఆమె అడుగు చొప్పున నడిచిన వారికే దొరకును. మనుమడు సీతాఫలపు చెట్టును పోల్చలేక అంగడిలో పండును మాత్రమే ఎరిగియున్నయెడల, ఆ లోపము వాని బడిది కాదు.

ఒక కఠినమైన సంగతి మిగిలియున్నది. ఆదివారము ఆరాధన తరువాత నడుచుదమని తండ్రి చెప్పినప్పుడు పిల్లలు గంతులు వేయుదురు. తల్లి మాత్రము మాటలాడదు. ఏలయనగా వంట ఆమెది, పిల్లలకు స్నానము ఆమెది, అన్నము గిన్నె కట్టుట ఆమెది, తిరిగి వచ్చి తోముట ఆమెది. అందరి విశ్రాంతియు ఆమెకు రెండవ కూలి. ఇంటిలో అతి మెల్లగా నడుచువారు బిడ్డయు, అవ్వయు అని ఇంతవరకు చెప్పితిని. ఆ బిడ్డను మోయుచున్నందున, ఆ అవ్వకొరకు ఆగుచున్నందున వారికంటె మెల్లగా నడుచునది ఆమెయే. ఆమె వేగము లేనిది కాదు, ఆమె వేగమును మనము ఆమె భుజముమీద మూటగా కట్టి పెట్టితిమి. ఆమెతో కలిసి నడువగోరువాడు ముందుగా ఆ మూటను తన భుజమునకు మార్చుకొనవలెను. ఇది గుట్టకు పోవునప్పుడును నిజమే, సుల్తాన్ బజారులోను నిజమే. మగవాడు బిడ్డనెత్తుకొని భార్య ప్రక్కన నడిచినయెడల నవ్వుదురని మన ఊళ్ళలో ఇంకను కొందరు వెరతురు. నవ్వువారు నాలుగు దినములు నవ్వుదురు.

ఎల్లప్పుడును బిడ్డ చొప్పుననే నడువవలెనా? అట్లు చేసిన పంట ఇంటికి రాదు, బస్సు దొరకదు, ఆసుపత్రికి వేళకు చేరము. యాకోబు కూడ ఎల్లప్పుడు మెల్లగా నడిచినవాడు కాడు. లాబాను ఇంటినుండి వచ్చునప్పుడు భార్యాబిడ్డలను ఒంటెలమీద ఎక్కించుకొని తొందరగానే పారిపోయెను. అపాయము తరుముచున్నప్పుడు బిడ్డను ఎత్తుకొని పరుగెత్తవలెను. అప్పుడు కూడ ఎత్తుకొనవలెనే గాని ఈడ్వరాదు. మిగిలిన దినములలో మన తొందరలో ఎంత భాగము నిజమైన తొందర? బస్సు పోవునని కేక వేసిన మనిషి, మహాత్మా గాంధీ బస్ స్టేషనుకు చేరి బల్లమీద ముప్పావుగంట కూర్చుండి యుండుట మీరును చూచియుందురు.

ఆ బస్ స్టేషను చింతచెట్టునకు దూరము కాదు. పిల్లవాని నడకతో పోయినను అరగంటకు మించి పట్టదు. చీరెల మూటను మీరు పుచ్చుకొని, అవ్వను రోడ్డు అంచునుండి లోపలి ప్రక్కకు రానిచ్చి, పిల్లవాని చేతికి మీ వ్రేలు ఒకటి అందీయుడి. త్రోవలో వాడు దేనియొద్దనైన ఆగినయెడల, అది ఏమో వంగి చూడుడి.